బావురుపిల్లి తాగని నీళ్ళు

పోయిన రోహిణి కార్తెలో, సోమవారం సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు, హంసలదీవి పక్కన ఇసుక దిబ్బ మీద తిరుపతమ్మ తన చెలమలో నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. గంట ఎలా తెలుసంటే, అప్పుడే మస్తాను చేతి గడియారం చూసి టైము పైకి చెప్పాడు.

చెలమ అంటే ఇసుకలో చేత్తో తీసిన గుంట. అడుగున ఊరిన నీళ్ళు కొబ్బరి చిప్పతో ముంచుకుంటారు. వానలు పడేదాకా ఆ ఇంటికి తాగడానికి అదే దిక్కు. ఆ ఇంట్లో బాలింత ఉంది, నెల నిండని బిడ్డ ఉంది. పొద్దు వాలాక మడ అడవిలోంచి ఒక బావురుపిల్లి కూడా ఆ చెలమకే వస్తుంది. దాన్ని చూడడానికే మేం వెళ్ళాం. చూశాం. చెలమ చెడగొట్టి వచ్చాం. వెళ్ళనివాళ్ళకు తెలియాలని ఇది రాస్తున్నాను. ఏబై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినదాన్ని, మాట ఎటైనా వంకరపోతే సర్దుకోండి.

గుడివాడ

నాది గుడివాడ దగ్గర పల్లెటూరు. నాట్లు వేశాను, కలుపు తీశాను, కోతలు కోశాను. వయసులో ఉండగా కాలవ గట్టు తుంగలోంచి బావురుపిల్లి అరుపు వినేవాళ్ళం. పసిబిడ్డను ఎవరో వదిలేసి పోతే ఏడ్చినట్టుండేది. విన్నానే గానీ కంటితో ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు మా వైపు ఎటు చూసినా చేపల చెరువులే. తుంగ పోయింది, దాంతోపాటు పిల్లీ పోయింది.

చెరువుల మీదికి బందరు నుంచి ఐసు తోలే వ్యాను మస్తానుది. వచ్చినప్పుడల్లా మా అరుగు మీద కాసేపు కూర్చుంటాడు. ఒక రోజు మాటల్లో చెప్పాడు. "దివిసీమలో నేను పీతలు కొనే ఇల్లొకటి ఉంది పిన్నిగారూ. వాళ్ళ పెరట్లోకి రోజూ వస్తుందండి మీ పిల్లి. నమ్మకపోతే రండి, చూపిస్తాను."

వస్తానన్నాను. పక్కన కూర్చున్న రాఘవులు బావ తనూ వస్తానన్నాడు. బావ మా అక్క మొగుడు. అక్క లేదు. బావ బావులు తవ్వేవాడు. మా చుట్టుపక్కల ఊళ్ళు ఒకప్పుడు నీళ్ళు తాగాయంటే చాలావరకు బావ చేతి చలవే. ఇప్పుడు ఆ బావుల్లో చెత్త పోస్తున్నారు, ఇంటింటికీ నీళ్ళ డబ్బాలు దిగుతున్నాయి. బావను పిలిచేవాళ్ళు లేరు. చెయ్యి ఊరుకోదు, నోరు అసలే ఊరుకోదు.

"పిల్లిని చూడ్డానికి బందరు దాకా పోవాలా? మా ఇంట్లో రెండున్నాయి" అన్నాడు.

"మరి నువ్వెందుకు వస్తున్నావు?"

"నువ్వు తప్పిపోతే మీ అక్కకి పైన నేను జవాబు చెప్పుకోవాలి గదా."

శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. కాలవలు కట్టేసి ఉన్నాయి. బందరు దాకా రోడ్డు పక్కన కాలవ అడుగు నెర్రెలు విచ్చి, ప్లాస్టిక్ సంచులు, చచ్చిన చేపల పొలుసులు బయటపడి ఉంది. నీళ్ళున్నప్పుడు మనం కాలవలో ఏం పడేస్తామో చూడాలంటే రోహిణి కార్తెలో వెళ్ళాలి.

బందరు

ఆ రాత్రి మస్తాను ఇంట్లో పడుకున్నాం. గుమ్మంలో అడుగు పెట్టగానే వాళ్ళావిడ చెంబుతో మంచినీళ్ళిచ్చింది. మా వైపూ అంతే. ముందు నీళ్ళు, తర్వాత మాటలు. పలావు వండింది, మామిడి రసాలు పెట్టింది. బజార్లో బావ లడ్డు ధర అడిగి, విని, పొట్లం మెల్లిగా బల్ల మీదే పెట్టేశాడు.

"ఉన్న పళ్ళెన్నో చూసుకుని బేరం చేయాల్సింది బావా" అన్నాను.

"పళ్ళు లేనివాళ్ళకనే కదా దాన్ని అంత మెత్తగా చేసేది" అన్నాడు, అయినా కొనలేదు.

మస్తాను పెరట్లో బావి ఉంది. బావ చేద వేసి రుచి చూసి మొహం చిట్లించాడు. "గిన్నెలు తోమడానికే బాబాయ్. ఉప్పు. తాగడానికి కుళాయి నీళ్ళే" అన్నాడు మస్తాను. ఎవడో తెలియనివాడు తవ్వి ఉంటాడని బావ తేల్చేశాడు. ఆ మాట అక్కడితో వదిలేశాం.

ఘంటసాల దాటాక

ఆదివారం పొద్దున్నే దివిసీమ దారి పట్టాం. ఘంటసాల దగ్గర ఆగి తాటి ముంజలు తిన్నాం. మా దగ్గరకన్నా చవక, నీరు కూడా ఎక్కువ. అక్కడినుంచి కిందికి వెళ్ళేకొద్దీ పొలాలు తగ్గి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఒక చెరువు మీద నైలాను వల పందిరిలా పరిచి ఉంది. వలలో ఎర్రకాళ్ళ కొంగ ఒకటి తల కిందులుగా వేలాడుతోంది. చచ్చి చాలా రోజులైనట్టుంది, రెక్కలు గాలికి ఊగుతున్నాయి.

కాపలా మనిషిని అడిగాను, తీసి పారేయొచ్చు గదా అని.

"ఉండనీ అమ్మా. దాన్ని చూసి మిగతావి రావు."

"వస్తున్నాయా?"

"వస్తున్నాయి. ఎండాకాలం ఎక్కడికి పోతాయి? నీళ్ళు మా దగ్గరేగా ఉన్నాయి."



మడ అడవి

అభయారణ్యం మొదట్లో బోర్డు ఉంది. బోర్డు కనిపిస్తే చదవకుండా కదలను, అది నా జబ్బు. జంతువుల్ని బెదిరించవద్దు, ఆహారం పెట్టవద్దు, ప్లాస్టిక్ పడేయవద్దు అని ఉంది. నీళ్ళ సంగతి ఏమీ లేదు.

తిరుపతమ్మ ఇల్లు ఆ బోర్డుకు ఇవతల, సముద్రం ఒక పక్క, పాయ ఒక పక్క ఉన్న ఇసుక దిబ్బ మీద. తాటాకుల కప్పు. చుట్టూ వేరే ఇల్లు లేదు. ఏబై ఏళ్ళ మనిషి, సన్నగా, గట్టిగా ఉంది. మొగుడు పోతురాజు. సముద్రంలో వేట నిషేధం రోజులు కాబట్టి ఇంటి దగ్గరే ఉన్నాడు. కూతురు నాగలక్ష్మి పురిటికి వచ్చి, బిడ్డను పక్కలో వేసుకుని లోపల పడుకుని ఉంది.

ఎండన పడి వచ్చాం గదా, కూర్చోబెట్టారు, ముంజలు పెట్టారు, విసనకర్ర ఇచ్చారు. మంచినీళ్ళు మాత్రం ఇవ్వలేదు. బావ నా చెవిలో అన్నాడు. "గుమ్మంలోకొచ్చిన మనిషికి గుక్కెడు నీళ్ళివ్వని ఇల్లు ఇదే చూడ్డం."

అడిగితే ఇచ్చింది. చిన్న గ్లాసుతో, సగానికి పోసి. అప్పుడు తిరుపతమ్మ పెరట్లోకి తీసుకెళ్ళి చెలమ చూపించింది. మూరెడు లోతు ఉంటుందేమో. అడుగున అరచెయ్యి మునిగేన్ని నీళ్ళు. మూడు వైపులా నిలువుగా ఉంది. అడవి వైపు మాత్రం ఏటవాలుగా, చేత్తో నునుపు చేసినట్టుంది.

"ఆ వాలు ఎందుకమ్మా?" అన్నాను.

"వాటికి. మా అత్త తీసినప్పుడూ అట్టాగే వదిలేది. మనం ఇటు ముంచుకుంటాం, అవి అటు తాగుతాయి. నక్కలొస్తాయి, పిల్లి వస్తుంది. వాటికి మాత్రం ఉప్పునీళ్ళు దిగుతాయా?"

"ట్యాంకరు రాదా?"

"ఊళ్ళోకొస్తది. ఇంత దూరం ఇసకలోకి రాదు. వచ్చిన రోజు మోసుకొస్తాం."

మధ్యాహ్నం దాటాక పోతురాజు గడకర్ర పడవలో పాయలోకి తిప్పాడు. మడ చెట్ల వేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి లేచి ఉన్నాయి. బురద మీద గెంతే చేపలు, ఒంటి పెద్ద గోరు ఊపే ఎర్ర పీతలు, మోడు మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు కనిపించాయి. నీటికుక్కలు తల ఎత్తి చూసి మునిగిపోయాయి. బాగానే ఉంది. కానీ పాయ నీళ్ళు తక్కువై, ఒడ్డున చచ్చిన చేపలు తెల్లగా పడి ఉన్నాయి. చెరువుల వాళ్ళు వదిలే నీళ్ళ వల్ల అని పోతురాజు అన్నాడు. ఆ మాట కోపంగా కాదు, ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు అన్నాడు.

పొద్దు వాలాక వంటపాకలో తడిక వెనక కూర్చున్నాం. ముందు చీకటే వస్తుందేమో అనుకున్నాను. ఇంకా వెలుతురు ఉండగానే పొదల్లోంచి అది వచ్చింది. ఇంటి పిల్లికి రెండింతలు ఉంది. పొట్టి కాళ్ళు, పొట్టి తోక, బురద రంగు ఒంటి మీద వరసగా నల్ల చుక్కలు. వాలు మీద దిగి, ముందు కాళ్ళు మడిచి, నాలుకతో నీళ్ళు నాకింది. నీళ్ళు కొంచెమే ఉన్నాయి, ఊరేదాకా ఆగుతుంది, మళ్ళీ నాకుతుంది. చాలాసేపు తాగింది. పక్క ఎముకలు లెక్కపెట్టేట్టున్నాయి. నా జన్మలో ఏ ప్రాణీ అంత ఓపిగ్గా తాగడం చూడలేదు.

అది వెళ్ళాక బావ, "గుక్కెడు నీళ్ళకి అంత తిప్పలా" అన్నాడు. నాకూ అదే అనిపించింది. మా ఇద్దరికీ అదే అనిపించడం వల్లే తర్వాతది జరిగింది.

సోమవారం పగలు

పొద్దున్నే బిడ్డకు టీకా వేయించడానికి ఇంటివాళ్ళంతా కోడూరు వెళ్ళాలి. వ్యానులో తీసుకెళ్దామంటే దాని వెనక చక్రం ఇసుకలో దిగబడి ఉంది. వాళ్ళు నడిచి వెళ్ళి ఆటో ఎక్కారు. వెళ్తూ తిరుపతమ్మ నాకు చెప్పింది. "సాయంత్రానికొస్తాం పిన్నీ. బిందె నింపి పెట్టా. చాలకపోతే చెలమలో చిప్పతో ముంచుకోండి. చెంబు ముంచొద్దు."

శుభ్రం కోసం చెప్పిందనుకున్నాను. ఎందుకని అడగలేదు. మనకు తెలిసిన కారణం ఒకటి దొరికితే ఇంకో కారణం ఉంటుందని తోచదు.

వాళ్ళు కనుమరుగయ్యాక బావ చెలమ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఇది పిల్లలాట నాంచారూ. బాలింత ఇంట్లో చిప్పల్తో నీళ్ళేంటి?"

"వాళ్ళ పద్ధతి అది."

"పద్ధతి కాదు, చేసిపెట్టేవాడు లేక. వాళ్ళొచ్చేసరికి బిందెలు నిండేట్టు చేసి పెడతా. వాళ్ళకీ పుణ్యం, ఆ పిల్లికీ పుణ్యం. తిన్న తిండికి ఇదే మన చదివింపు అనుకో."

వ్యాను కింద పడుకుని ఇసుక తీస్తున్న మస్తాను తల బయట పెట్టాడు. "అడిగి చేద్దాం బాబాయ్. మా బందర్లో లోతు బావులన్నీ ఉప్పే."

"మీ బందర్లో తవ్వింది నేనా?"

మస్తాను నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే పార పడింది. మా వైపు నీళ్ళు తగ్గితే లోతు చేస్తారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూసింది అదే. వేసవిలో బావి లోతు చేయించినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటారు. అందుకే వద్దనాలని నాకు తోచలేదు.

బావ వయసు మర్చిపోయాడు. తడి ఇసుక జారుతుంటే, పాత చెరువుల వాళ్ళు వదిలేసి పోయిన సిమెంటు వరలు రెండు దూరాన పడి ఉన్నాయని చూసి, మస్తాను చేత దొర్లించుకొచ్చాడు. వర దించి లోపల తవ్వాడు, ఇంకోటి పైన పెట్టి మళ్ళీ తవ్వాడు. ఛాతీ లోతు అయింది. నీళ్ళు బుడబుడమని లేచాయి. మస్తాను చప్పట్లు కొట్టాడు.

ఇక బావిని తోడాలి. కొత్త బావి తవ్విన రోజు మొదటి నీళ్ళన్నీ తోడి పారబోస్తారు, ఊట కళ్ళు తెరుచుకోవాలని. మా దగ్గర అది చేయకుండా ఎవరూ నీళ్ళు ముట్టుకోరు. బావ లోపల నిలబడి బకెట్టు అందించాడు, మస్తాను లాగాడు, నేను తీసుకెళ్ళి ఇసుకలో పోశాను. అవి తియ్యటి నీళ్ళు. మధ్యలో బావ పుక్కిలించి, మింగి, "కొబ్బరినీళ్ళు" అన్నాడు. మేమూ తాగి, నిజమే అన్నాం. తాగి, మిగతావి పారబోశాం. పొద్దెక్కేదాకా పారబోశాం.

అడవి వైపు వాలు పోయింది. దానికి బదులు బావ పగిలిన కుండ సగం చెక్కను ఇసుకలో పాతి పిల్లికి తొట్టి చేశాడు. అన్నాలు తిన్నాక దాన్ని నింపాడు. అప్పటికి నీళ్ళు పై వర దాకా వచ్చి తళతళలాడుతున్నాయి. అప్పుడు ఎవరమూ రుచి చూడలేదు. నీళ్ళు నిండుగా ఉంటే రుచి చూడాలని ఎవరికి గుర్తుంటుంది?

మధ్యాహ్నం మస్తాను వ్యాను చక్రం పైకి తీశాడు. బావ అరుగు మీద పడుకుని, రేపటికి తన పేరు హంసలదీవి దాకా పాకుతుందని చెప్పి, నిద్రపోయాడు.

సోమవారం సాయంత్రం

వాళ్ళు వచ్చారు. సూది నొప్పికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. బావ ఎదురెళ్ళి, చెయ్యి చాచి చూపించాడు. తిరుపతమ్మ వరలను చూడలేదు. పక్కన తడిసి ఆరిన ఇసుక వైపు చూసింది.

"ఎంత తోడారు బాబాయ్?"

"పొద్దుట్నుంచీ" అన్నాడు బావ, గర్వంగానే.

ఆమె చిప్ప తీసి ముంచి, నోట్లో పోసుకుని ఉమ్మేసింది. మొగుడి వైపు తిరిగి "ఉప్పెక్కేసింది" అంది. అంతే. అప్పుడే మస్తాను గడియారం చూశాడు. "ఆరూ పది. చీకటి పడేలోపు కోడూర్లో నీళ్ళ డబ్బాలు దొరుకుతాయేమో" అంటూ వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.

బావ వంగి దోసిలితో తాగి చూశాడు. నేనూ చూశాను. సముద్రమే.

"కింద అంతా అదే బాబాయ్" అన్నాడు పోతురాజు. "మంచినీళ్ళు దాని మీద మీగడలాగా తేలతయ్. పైపైన తీసుకోవాలి. ఆ మీగడంతా తోడేశారు మీరు, ఇంక కిందది లేచింది."

"పూడ్చేసి పక్కన తీస్తా. ఇప్పుడే తీస్తా" అని బావ పార అందుకున్నాడు.

తిరుపతమ్మ ఆ పార పట్టుకుంది. "చెరువులొచ్చాక రెండు చోట్ల చెడిపోయి ఇక్కడికొచ్చాం. ఇదొక్కటే మిగిలింది. ఇంక చెయ్యి పెట్టకండి బాబాయ్."

తిట్టలేదు. తిడితే బాగుండేది. బావ పార వదిలి, వర మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆ మనిషి నోరు మూసుకోవడం నేను చూసింది అక్క పోయిన రోజు, మళ్ళీ ఆ రోజు.

లోపలినుంచి నాగలక్ష్మి "అమ్మా, దాహం" అంది. పొద్దుటి బిందెలో సగం ఉంది. తిరుపతమ్మ గ్లాసు నిండా పోసి ఇచ్చింది. మూత పెట్టి, బిందె పక్కనే కూర్చుంది.

వెలుతురు ఉండగానే పిల్లి వచ్చింది. వాలు ఉన్నచోటికి వచ్చి ఆగింది. అటూ ఇటూ తిరిగి వరను వాసన చూసింది. తొట్టి కనిపెట్టింది. ఒక్కసారి నాలుక పెట్టి, తల విదిలించింది. మళ్ళీ పెట్టి, మళ్ళీ విదిలించింది. తర్వాత అక్కడే కూర్చుని మా వైపు చూసింది. తడిక అడ్డం లేకుండా మేం అందరం ఎదురుగా ఉన్నాం, అయినా కదల్లేదు.

నేను లేచి బిందె మూత తీయబోయాను. ఒక్క చిప్పెడు పోద్దామని. తిరుపతమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు పిన్నీ. మస్తాను వస్తాడో రాడో. నాగలక్ష్మికి పాలు పడాలి."

"ఒక్క చిప్పే..."

"మా అత్త కాలం నుంచి దానికి పెట్టకుండా మేం ముంచుకున్న రోజు లేదు" అంది. నా చెయ్యి వదల్లేదు. "ఇవాళ లేవు."

పిల్లి ఇంకాసేపు కూర్చుని లేచి, పాయ వైపు కాక, చెరువుల వైపు వెళ్ళింది.

తిరిగి

మస్తాను రెండు డబ్బాలతో వచ్చాడు. అందులోంచి నేను తొట్టి కడిగి నింపి పెట్టాను. పొద్దున చూస్తే నింపినంతా అలాగే ఉంది, పైన ఇసుక పొర కట్టింది. చుట్టూ కొత్త అడుగులు లేవు. మంగళవారం వచ్చేస్తుంటే తిరుపతమ్మ నాకు ఎండు చేపలు పొట్లం కట్టి ఇచ్చింది. తీసుకోలేక తీసుకున్నాను.

మస్తాను ఐసుతో పాటు రెండు రోజులకోసారి నీళ్ళు దించి వస్తున్నాడు. బావ ఇంట్లోంచి బయటికి రావడం లేదు. నేను ఫోను చేస్తుంటాను. మృగశిర వచ్చింది, ఒక వాన పడింది, చెలమ ఇంకా ఉప్పేనట. వరలు తీసేసి, మళ్ళీ మూరెడు లోతు గుంట తీసి, అడవి వైపు వాలు వదిలి ఉంచారట. పిల్లి సంగతి అడిగితే తిరుపతమ్మ "చెరువుల మీద వలలున్నాయిగా పిన్నీ" అని, బిడ్డ ఏడుస్తోందని ఫోను పెట్టేసింది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళం: తవ్విన రాఘవులు బావ, బకెట్టు లాగిన బందరు మస్తాను, నీళ్ళు పారబోసిన నాంచారమ్మ అనే నేను. ఆ ఇంటి తిరుపతమ్మ, ఆమె మొగుడు పోతురాజు, కూతురు నాగలక్ష్మి, ఇంకా పేరు పెట్టని ఆడబిడ్డ. దాహంతో వచ్చి, దాహంతోనే వెళ్ళిన ఆ బావురుపిల్లి.